జన్నత్ లేని పన్నెండు నిమిషాలు

దుకాణం తెరవగానే జన్నత్ మొదట చేసే పని ముక్కుకూ నోటికీ చున్నీ బిగించుకోవడం. దూది ఏకే మిషన్ తిరగడం మొదలైతే గదంతా నూగు లేస్తుంది. సాయంత్రానికి కనుబొమలు తెల్లబడతాయి. బోయిగూడ గల్లీలో పిల్లలు ‘ముసలక్క’ అని ఏడిపిస్తారు. ఆమె వయసు ఇరవై ఏడు.

బోర్డు మీద తండ్రి ఫకీర్ పేరుంది. ఆయన భుజం పట్టేసి ఆరేళ్లయింది. అప్పటి నుంచి పాత పరుపులు విప్పడం, దూది ఏకడం, గలీబులో నింపి పొడవాటి సూదితో కుట్టడం జన్నత్ పనే. ఫకీర్ ముందు కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడతాడు. దూదేకుల ఇళ్లలో ఆడవాళ్లు ఎప్పుడూ పని చేస్తూనే ఉన్నారు. దుకాణం మాత్రం మగవాళ్ల పేరు మీదే నడుస్తుంది.

గోడకు తాత నాటి విల్లు ఒకటి వేలాడుతుంది. మిషన్లు రాకముందు దాని నారి మోగిస్తూ దూది ఏకేవారు. ఆడవాళ్లు దాన్ని ముట్టకూడదని ఆ ఇంటి కట్టుబాటు. ఎందుకో ఫకీర్‌కూ తెలియదు. ఆయన తల్లి అక్బర్ బీ ముట్టలేదు, కాబట్టి ఎవరూ ముట్టరు.

చలికాలంలో దుర్గేష్ కెమెరాతో వచ్చాడు. పద్మారావు నగర్‌లో వాళ్లింటి పరుపులన్నీ ఈ దుకాణంలో కుట్టినవే. చిన్న డాక్యుమెంటరీ తీస్తానన్నాడు. ఫకీర్ భుజం ఎత్తలేక విల్లును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. శుక్రవారం ఆయన నమాజుకు వెళ్లినప్పుడు దుర్గేష్ జన్నత్‌ను అడిగాడు.

“ఒక్క షాట్. నారి మోగితే చాలు.”

“అన్నా, నాయన చూసిండంటే దూదిని ఇడిసిపెట్టి నన్నే ఏకుతడు.”

నవ్వుతూనే విల్లు దించింది. చిన్నప్పుడు తండ్రి చేతిని చూసింది తప్ప ఎవరూ నేర్పలేదు. నాలుగు దెబ్బలు తప్పాయి. అయిదోది మోగింది. దూది పొరలు పొరలుగా లేచింది. కెమెరా ఆగాక కూడా ఆమె ఆపలేదు.

ఫకీర్ తిరిగొచ్చి నారికి అంటిన దూది చూశాడు. ఏమీ అనకుండా తుడిచి, విల్లును గోడకు తగిలించాడు. తిట్టలేదంటే ఒప్పుకున్నట్టేనని జన్నత్ అనుకుంది. మర్నాటి నుంచి గల్లీలో అందరికీ సినిమా సంగతి చెప్పింది.

సీతాఫల్‌మండిలో ఆడపిల్లల హాస్టల్ నడిపే ప్రిసిల్లాకు కూడా చెప్పానని ఇంట్లో గొప్పగా అంది. ఆమెకు నలభై పరుపులు కావాలి. “ఆ భుజంతో మీ నాన్న ఇన్ని ఎట్లా కుడతాడమ్మా?” అని ఆమె సందేహం. “సినిమాకు రండి మేడం, ఎవరు కుడుతున్నరో మీకే కనబడతది” అని జన్నత్ జవాబు.

సినిమా పండుగ పద్మారావు నగర్‌లోని ఒక హాల్లో పెట్టారు. చిన్న డాక్యుమెంటరీలు, ఇంటిల్లిపాదీ చూసే యానిమేషన్ బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వేశారు. పక్కింటి పర్వీన్ తన ముగ్గురు పిల్లలతో వచ్చింది. “హీరోయిన్ గారూ, జెర జరుగుండ్రి, మాకు సుత జాగా కావాలె” అంటూ జన్నత్ పక్కన కూర్చుంది. జన్నత్‌కు అటువైపు ఫకీర్, వెనక వరుసలో ప్రిసిల్లా.

ముందు ఒక యానిమేషన్ చిత్రం. దారి తప్పిన పీత రైలెక్కి, ప్రతి స్టేషన్‌లో దిగి సముద్రం ఎక్కడని అడుగుతుంది. పిల్లలు విరగబడి నవ్వారు. తర్వాత దుర్గేష్ సినిమా మొదలైంది. పన్నెండు నిమిషాలు.

తెర మీద ఫకీర్ ఉన్నాడు. పరుపులో సూది దిగుతోంది. ఆ వేళ్లు జన్నత్‌వి, కానీ ముఖం కనబడకుండా బొమ్మను వేళ్ల దగ్గరే కత్తిరించారు. ఫకీర్ ముఖం దగ్గరగా చూపిస్తుండగా విల్లు మోగింది. జన్నత్ ఆ మోతను గుర్తుపట్టింది. తనదే. తర్వాత దుర్గేష్ గొంతు అడిగింది, మీ తర్వాత ఎవరు చేస్తారని.

“నాకు కొడుకులు లేరు బాబూ. ఇది నాతోనే ఆఖరు.”

తెర మీద దుకాణం షట్టర్ దిగింది. చప్పట్లు.

“జన్నతక్కా, నువ్వెప్పుడొస్తవ్?” పర్వీన్ చిన్న కూతురు అడిగింది. పర్వీన్ ఆ పిల్ల నోరు మూసింది. తర్వాతి బొమ్మ మొదలైంది. అందులో ఒక ఏనుగుకు తుమ్ములు ఆగవు. హాలంతా నవ్వుతుంటే జన్నత్ లేచి బయటికి వచ్చింది.

వరండాలో దుర్గేష్ కనిపించాడు.

“నేనేడ పోయిన అన్నా?”

“మీ నాన్నగారే ఫోన్ చేశారు. విల్లు పట్టిన ముక్క తీసేయమన్నారు. అసలు నువ్వు కనిపించకూడదన్నారు. నీకు తెలుసనుకున్నాను.”

“మరి చప్పుడెందుకు ఉంచినవ్?”

“అది చాలా బాగా వచ్చింది జన్నత్.”

ఈలోగా ఫకీర్, ఆయన వెనకే పర్వీన్, ప్రిసిల్లా వచ్చారు. జన్నత్ తండ్రి వైపు తిరిగింది.

“నీతోనే ఆఖరా నాయనా?”

“అంత మంది ముంగట ఏం చెప్పాలె? బిడ్డ కష్టపడితే కూసోని తింటున్న అని చెప్పాల్నా?”

“తింటున్నవ్ గద.”

“జెర ఆగు, ఇంటికి పోయినాక మాట్లాడుకోండ్రి” అని పర్వీన్ చెయ్యి పట్టుకుంది. జన్నత్ విదిలించుకుంది.

“విల్లు ముట్టినందుకు ఆ దినమే ఎందుకు తిట్టకపోతివి? గల్లీ అంతా చెప్పుకుంట తిరిగిన. నువ్వు అన్నీ ఇనుకుంట ఊకున్నవ్.”

“నీకు తక్లీఫ్ అయితదని చెప్పలే బిడ్డా.”

“ఇప్పుడేమైంది మరి?”

ప్రిసిల్లా మొహమాటంగా ఫకీర్‌ను అడిగింది, “దుకాణం మూసేస్తున్నారాండీ?”

“లేదు మేడం, అది ఊకె సినిమా కోసం...” అని ఆయన మొదలుపెట్టాడు.

జన్నత్ మధ్యలో అందుకుంది. “దుకాణం ఆయనది మేడం. ఉంచుకుంటడో మూసుకుంటడో ఆయన ఇష్టం. కుట్టేది నేను. పరుపులు కావాలంటే నాకు చెప్పుండ్రి.”

ఆ రోజు ఆమె తండ్రితో కలిసి ఆటో ఎక్కలేదు. పర్వీన్ పిల్లలతో నడిచి ఇంటికి వెళ్లింది.

ఇప్పుడు ఆమె హాస్టల్ కింద ప్రిసిల్లా ఇచ్చిన ఖాళీ గదిలో కుడుతోంది. దూది ఏకించడానికి సీతాఫల్‌మండిలోనే మరొకరి మిషన్ దగ్గరికి వెళ్తుంది. రాత్రికి ఇంటికే వస్తుంది, అన్నం వండుతుంది, తండ్రికి వడ్డిస్తుంది. మాటలు తక్కువ. బోయిగూడ దుకాణంలో మిషన్ తిరగడం లేదు. పరుపులు తెచ్చినవాళ్లను వచ్చే వారం రమ్మంటున్నాడు ఫకీర్.

నలభై పరుపుల్లో ఇప్పటికి తొమ్మిది పూర్తయ్యాయి.