ఏడో నంబరు టిన్ను

2003 వేసవిలో ఒక ఉదయం ఆ కబురు మొదట నాకు తెచ్చింది సింహాచలం. కాశీబుగ్గలో మేము పనిచేసే జీడిపప్పు మిల్లులో ఆమెది పీలింగ్, అంటే పప్పు మీది పల్చటి పొర తీసే పని. గేటు దగ్గర నుంచి పరుగున వచ్చింది. మా వైపు అక్కను అప్ప అంటారు.

"అప్పా, టెక్కలి బ్రోకరు గారి అల్లుడు టిన్ను పట్టుకొచ్చాడు. సరుకు తేడా అని ఒకటే అరుపులు. ఏడో నంబరుని పనిలోంచి తీసెయ్యమంటన్నాడు."

నేను గ్రేడింగ్ హాల్లో చెకింగ్ చూసేదాన్ని. బడికి వెళ్లలేదు. మా నాన్నగారు ఇంటి వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు, ఎక్కాలు నేర్పారు. ఆ కాస్త చదువుతోనే నాకు ఆ పని దొరికింది, అది భగవంతుడి దయ. గ్రేడింగ్ అంటే గుండు పప్పును, అంటే విరగని పప్పును, సైజు వారీగా వేరు చేయడం. 320 గ్రేడు అంటే ఒక పౌండు తూకానికి మూడు వందల ఇరవై పప్పులకు మించకూడదు. మించితే పప్పు చిన్నదని అర్థం, అది కింది గ్రేడులోకి పోతుంది. ఏ టిన్ను ఎవరు ఏరారో తెలియడానికి లోపల వాళ్ల నంబరు చీటీ వేస్తాం. ఏడో నంబరు గౌరమ్మ.

ఆమె భర్తకు కిడ్నీలు పాడై రెండేళ్లయింది. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే మనిషి మంచాన పడ్డాడు. మందులకైనా, బియ్యానికైనా గౌరమ్మ పనే ఆధారం.

ఆ అల్లుడు గారు అప్పుడప్పుడే మామగారి వ్యాపారంలోకి దిగిన మనిషి. ముప్పై మంది ఆడవాళ్ల మధ్య టిన్నును బల్ల మీద దబ్బున పెట్టాడు.

"మూడొందలిరవై అని రాసి సన్నపప్పు పోసి పంపుతారేటి? మా మావ మెతకమనిషని ఆడిందాటా? ఇంటికాడ దగ్గరుండి తూయించి లెక్కెట్టించాను. మూడొందల నలభై ఆరు. ఈ ఏడో నంబరు ఎవులు?"

గౌరమ్మ లేచి నిలబడింది. చేతులు కొంగులో దాచుకుంది.

వెనకాలే వచ్చిన మా యజమాని ముఖం పాలిపోయింది. ఆ బ్రోకరు పోతే మా సరుకులో సగం ఆగిపోతుంది. "గౌరమ్మా, నువ్వింక ఇంటికెళ్లిపో. రేపట్నుంచి రావొద్దు" అనేశారు.

ఆ టిన్ను చూసి పంపింది నేను. నిజంగానే పొరపాటు పడ్డానేమో అన్న భయం నాకూ ఉంది. అరసవల్లి స్వామిని తలచుకుని, తప్పు నాదైతే అందరి ముందూ ఒప్పుకునే శక్తి ఇవ్వు తండ్రీ అనుకున్నాను. అలా అనుకున్నాక గుండె దడ తగ్గింది.

"బాబూ, కూకోండి" అన్నాను.

"కూకోడానికి రాలేదు."

"అయితే నిలబడే సూడండి. మీ సేత్తోనే పప్పు తియ్యండి, మళ్లీ తూస్తాను. టిన్ను అడుగునుంచి తీసినా సరే."

"అంటే నాకు లెక్క రాదనా?"

"మీ లెక్కని కాదన్లేదు. ఈ టిన్ను సూసి పంపింది నేను. తప్పుంటే గౌరమ్మది కాదు, నాది. ఒకసారి నా కళ్లతో సూసుకుంటాను."

"మహా సదువుకున్నదానిలాగ మాటాడతన్నావు. ఏ కాలేజీయేటి?"

"మా ఇంటి వరండా బాబూ."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనకు కోపం ఇంకా పెరిగింది. దొంగలన్నాడు, మిల్లుకు తాళం వేయిస్తానన్నాడు. ఆయన అరుస్తున్నంతసేపూ నేను కాటా పళ్లేలు తుడిచాను. తుడవడం అయ్యేసరికి ఆయనకు ఊపిరి తిప్పుకోవాల్సి వచ్చింది. అప్పుడు టిన్నులో మోచేతి దాకా చెయ్యి పెట్టి పప్పు తీసి పళ్లెంలో పోశాడు.

పౌండు తూచి, ఇరవయ్యేసి కుప్పలుగా పెట్టాను. పదిహేను కుప్పలయ్యాక పద్నాలుగు పప్పులు మిగిలాయి. మూడు వందల పద్నాలుగు. గ్రేడు సరిగానే ఉంది.

"దొంగతూకం" అన్నాడు ఆయన. "ఈ రాయేటి ఇంత సిన్నగున్నాది? మా ఇంట్లో రాయి దీనికన్నా పెద్దది."

"మీది అరకేజీ రాయా బాబూ?"

"మరి? పౌండంటే అరకేజీ కాదేటి?"

నాకు అప్పుడు అర్థమైంది. పౌండంటే నాలుగు వందల యాభై నాలుగు గ్రాములే. బజారులో ఆ తూకం ఏనాడో పోయింది, మా జీడిపప్పు పనిలో మాత్రం నిలిచిపోయింది.

వెనక వరసలోంచి, "మావ పిల్లనిచ్చాడు గానీ పౌండు సెప్పలేదు" అన్నారెవరో. హాలంతా నవ్వులు. నేను వెనక్కి తిరిగి చూశాను. నవ్వులు ఆగాయి. ఆ క్షణంలో ఆయన్ని ఇంకొక్క మాటన్నా గౌరమ్మకే నష్టం. పరువు పోయిన మనిషి సరుకు ఒప్పుకోడు.

"పౌండు రాయి ఎవులింట్లో ఉంటాది బాబూ? కొత్తలో నేనూ అరకేజీతోనే తూసి తిట్లు తిన్నాను" అన్నాను. అది నిజమే. తర్వాత రాయి మార్చి అరకేజీకి సరిపడా పప్పు కలిపి, పైన పడిన వాటిని లెక్కపెట్టాను. ముప్పై రెండు. మొత్తం మూడు వందల నలభై ఆరు.

"సూడండి, మీ లెక్క కూడా సరిపోయింది."

 ఆయన క్షమించమనలేదు. "టిన్ను మూసెయ్యండి. లోడులో ఎక్కించెయ్యండి" అని వెళ్లిపోయాడు.

యజమాని గౌరమ్మ వైపు చూడలేక, "కూకోమ్మా, పని సూసుకో" అన్నారు. ఆమె కూర్చుని చేట దగ్గరకు లాక్కుంది. నేను నీళ్లకుండ దగ్గరకు వెళ్లాను.  గ్లాసు నీళ్లు తాగి, స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత చాలామంది అరిచేవాళ్లను చూశాను. అవతలివాళ్లు తప్పు ఒప్పుకోవాలని ఆ రోజు నుంచీ ఎదురుచూడలేదు. నాకు కావలసింది గౌరమ్మ మళ్లీ తన చోట కూర్చోవడం. ఆయన నోట క్షమాపణ కూడా కోరి ఉంటే అదీ దక్కేది కాదు.

ఆమె మరో నాలుగేళ్లు పనిచేసింది. భర్త పోయేదాకా ఆయనకు మందు ఒక్క పూట తప్పనివ్వలేదు. ఇప్పుడు చూపు బాగా తగ్గింది, ఇంటిపట్టునే ఉంటోంది. ఇది చదివినవారు దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు మీ వాళ్ల పేర్లతో పాటు ఒకసారి గౌరమ్మ పేరు కూడా అనుకోండి.