కాసినోలో చవక గదులు

అయ్యా, అమ్మా! ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక నన్ను ఏ ప్రయాణానికైనా పిలవండి, కాదనను. కానీ గదులు చూసిపెట్టే పని మాత్రం నా చేతిలో పెట్టకండి. నిప్పులు కడిగే ఒక డాక్టరుగారిని, ఆయన భార్యను, పెళ్ళై ఆర్నెల్లు కాని ఒక జంటను నా చేతులారా తీసుకెళ్ళి ఎక్కడ దింపానో తెలిస్తే, నవ్వబోయే ముందు మీరు కూడా ఒక్క క్షణం గుండె పట్టుకుంటారు. మేమైతే అక్కడున్నంత సేపూ పట్టుకునే ఉన్నాం.

అది వైటూకే గండం గడిచిన ఏడాది. సిడ్నీలో నేను రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పండితుణ్ణి. జనవరి ఒకటిన విమానాలు రాలిపోతాయన్నారు, లిఫ్టులు ఆగిపోతాయన్నారు. ఏమీ కాలేదు. అదంతా మా ప్రతాపమని మేము, అసలు ఏమీ అయ్యేదే కాదని కంపెనీవాళ్ళు. చివరికి ఆగిపోయినవి మా కాంట్రాక్టులు మాత్రమే.

ఆ సమయంలో నాకు దిక్కు సిడ్నీ శివారు టూంగాబీలో ఉండే శాస్త్రి అంకుల్. ఆసుపత్రిలో మత్తు డాక్టరు. మందిచ్చినా, మాట్లాడినా ఆయన చేతిలో ఫలితం ఒకటేనని గిట్టనివాళ్ళు అనేవారు. ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో నా గురించి ఒక మాట వేస్తానన్నారు. ఆయన భార్య కామేశ్వరి ఆంటీది ఒంగోలు పక్క పల్లెటూరు. ప్రతి ఆదివారం మాలాంటి వాళ్ళకి కడుపునిండా పెట్టి, తర్వాత పేకాటలో మా పరువు తీసేది. ఆమెకి ఒకే ఒక్క కోరిక.

"చచ్చేలోగా ఒక్కసారి కాసినో చూడాలి నాయనా. ఆడాలనేం లేదు. ఆ చక్రం ఎట్టా తిరుగుద్దో చూస్తే చాలు."

"ఛీ ఛీ! జూదశాలా?" అన్నారు అంకుల్.

"మీరు షేర్లు కొంటారుగా, అదేంటి?" అంది ఆంటీ. 

దెబ్బకి అంకుల్ దిగివచ్చారు. గోల్డ్ కోస్ట్ వెళ్దాం, సముద్రం చూసినట్టూ ఉంటుంది అన్నారు. "కానీ కాసినో హోటళ్ళు కాల్చేసే రేట్లు. చవకగా ఉండాలి. మర్యాదస్తుల చోటై ఉండాలి. మందు వాసన రాకూడదు. చూడగలవట్రా మురళీ?"

ఉద్యోగం కావలసినవాడు చూడలేనని అంటాడా? "అంతా నాకొదిలేయండి అంకుల్!" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా నాలుక మీద ఏ దేవత ఉందో గానీ, ఆవిడ ఆరోజు సెలవులో ఉండి తనకి బదులు ఇంకెవరినో పంపింది.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే ముందు మోడెం గొంతు సవరించుకోవాలి, కీచుమనాలి, ఏడవాలి, ఆ తర్వాత దయతలచాలి. "చవక కాసినో హోటల్" అని కొట్టాను. గోల్డ్ కోస్ట్ రేట్లు చూసి కళ్ళు తిరిగాయి. వాటి కింద మూలన ఒక్కటి కనిపించింది. కాసినో హోటల్. మేడ మీద శుభ్రమైన గదులు, కుటుంబాలకు స్వాగతం, అద్దె మిగతా వాటిలో పదో వంతు! దూరపు కొండలు నునుపంటారు. దూరపు హోటళ్ళు చవక కూడా అని ఆరోజే తెలిసింది.

ఆ పేజీలో కాసినో అన్న మాట ఎక్కడొచ్చినా మొదటి అక్షరం పెద్దబడి ‘సీ’తో ఉంది. లక్షల లైన్ల కోడ్‌లో రెండంకెల్ని వెతికి పట్టుకున్న ఈ కళ్ళే దాన్ని చూశాయి. చూసి, డబ్బున్న చోటు కదా, గౌరవార్థం అలా రాశారనుకున్నాయి. నన్నేమనకండి. మన తెలుగులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలెక్కడున్నాయి?

ఫోన్ చేశాను. అవతల హోటల్ యజమాని, పేరు కెవిన్.

"కాసినో హోటలేనా?"

"అవును మేట్, కాసినోలోనే ఉన్నాం."

"గదులకి కాసినో దగ్గరేనా?"

"మేట్, గదులు కాసినోలోనే ఉన్నాయి."

"అంటే బయటికి వెళ్ళక్కర్లేదా?"

"కాసినో చూడాలంటే కిటికీ తెరిస్తే చాలు."

నాకు ఒళ్ళు పులకరించింది. మేమొచ్చే తేదీలు చెప్పాను. "ఎంతసేపటిదాకా సందడి ఉంటుంది?"

"మామూలుగా పొద్దుగూకితే కాసినో పడుకుంటుంది. మీరొచ్చే వారం వేరు. పెద్ద పండగ. కాసినో మొత్తం రోడ్డు మీదే ఉంటుంది. అదృష్టవంతులు, ఎవరో మానేస్తే మూడు గదులు మిగిలాయి."

"గోల్డ్ కోస్ట్‌కి ఎంత దూరం?"

"కార్లో గంటన్నర."

ఆ గంటన్నర విన్నప్పుడైనా నా బుర్రలో గంట మోగాలి. మోగలేదు. బుక్ చేసేశాను.

అద్దె వ్యానులో ఐదుగురం బయల్దేరాం. అంకుల్, ఆంటీ, నేను, నాతో పనిచేసిన హైదరాబాద్ ఖాదర్, అతని భార్య నస్రీన్. తెల్లారకముందు మొదలుపెట్టి, కెవిన్ చెప్పిన గుర్తుల ప్రకారం గ్రాఫ్టన్ అనే ఊరు దాటాక సముద్రాన్ని వదిలేసి లోపలి దారి పట్టాం. అటూ ఇటూ పచ్చిక, ఆవులు. మళ్ళీ పచ్చిక, మళ్ళీ ఆవులు.

"ఒరేయ్, సముద్రం కుడివైపు కదా, మనం ఎడమకి పోతున్నామేంట్రా?" అన్నారు అంకుల్.

"షార్ట్‌కట్ అంకుల్."

"గీ ఆవులు గుడ కాసినోకే వోతున్నట్టున్నయి భై," అన్నాడు ఖాదర్. తమాషాకి అన్నాడు పాపం. అక్షరాలా నిజమని వాడికి మాత్రం ఏం తెలుసు?

పొద్దు వాలుతుండగా ఊరి మొదట్లో పెద్ద బోర్డు కనిపించింది. నస్రీన్ పైకి చదివింది. "వెల్కమ్ టు కాసినో."

"వచ్చేశాం!" అని నేను హారన్ కొట్టాను.

"కింద ఇంకేదో ఉందన్నా," అంది నస్రీన్. ఆ తర్వాత గొంతు తగ్గిపోయింది. "బీఫ్ క్యాపిటల్ అని రాసుంది."

బోర్డు మీద కొమ్ములు తిరిగిన ఎద్దు బొమ్మ మమ్మల్నే చూస్తోంది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఆ పెద్దబడి ‘సీ’ నా నెత్తి మీద పిడుగులా పడింది. కాసినో అంటే కాసినో కాదు. కాసినో అనేది ఊరు! ఆస్ట్రేలియాలో ఇన్ని వేల ఊళ్ళుండగా, ఏ పెద్దమనిషి ఏ ముహూర్తాన ఈ ఊరికి ఆ పేరు పెట్టాడో!

"గొడ్డుమాంసానికి రాజధానా?" అన్నారు అంకుల్. పేషెంటుకి బదులు తానే మత్తు పీల్చినట్టుంది ఆయన గొంతు. "నన్ను, త్రికాల సంధ్య వార్చేవాణ్ణి, నువ్వు..."

"ఊరి పేరండీ అది. పిల్లవాడికేం తెలుసు?" అంది ఆంటీ. ఆమె మొహం చూడలేక నేను స్టీరింగు చూశాను.

ఆగండి, ఇంకా ఉంది. హోటల్ ముందు దిగితే గుప్పున బీరు వాసన. ఈ దేశంలో హోటల్ అంటే చాలాచోట్ల కింద సారాకొట్టు, మీద గదులు అన్న సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. లోపల గోడ నిండా ఆ వారం జరిగే పండగ పోస్టర్లు. గొడ్డుమాంసం పండగ! ఊరేగింపట, పోటీలట, పశువుల రైతులంతా వచ్చారట. మందు వాసన వద్దన్న మనిషిని బారులోంచి నడిపించి మేడెక్కించాను.

"తినడానికి ఏమైనా..." అని కెవిన్‌ని అడిగాను.

"స్టేక్ ఉంది. మీట్ పై ఉంది. సాసేజ్ ఉంది."

"మాంసం లేనిది?"

చాలాసేపు ఆలోచించాడు. "చిప్స్. పశువుల కొవ్వులో వేయిస్తాం, రుచి అదిరిపోతుంది!"

ఖాదర్‌కి ఆశ పుట్టింది. "హలాల్ దొరుకుతదా?"

"అదెవరు మేట్?" అన్నాడు కెవిన్.

అలా ఆ సాయంత్రం హిందువులూ ముస్లింలూ ఒకే మంచం చుట్టూ కూర్చుని అరటిపళ్ళు తిన్నాం. అంకుల్ నాకు వీపు పెట్టి కూర్చుని తిన్నారు. నా ఉద్యోగం ఆ అరటితొక్కల్తోపాటే బుట్టలో పడిందని నాకు అర్థమైపోయింది.

పొద్దున లేచి పారిపోదామనుకున్నాం. వీధులు ఊరేగింపుకి మూసేశారు, వ్యాను కదలదు. చేసేది లేక మైదానం వైపు నడిచాం. అక్కడ కట్టుగొయ్యలకి వరసగా పశువులు. అంకుల్ కళ్ళు మూసుకుని ఏదో జపిస్తూ ఒక కంచెకి వీపు ఆనించి నిలబడ్డారు. పెద్ద టోపీ పెట్టుకున్న ఒక రైతు ఆయన వైపు చెయ్యి చూపిస్తూ మాతో గర్వంగా అన్నాడు.

"చూశారా? అసలు సిసలు బ్రాహ్మన్!"

అంకుల్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. చెయ్యి చొక్కా మీంచి జంధ్యం దగ్గరికి పోయింది. "ఒరేయ్, నా సంగతి వీడికెవరు చెప్పార్రా?"

రైతు ఆగలేదు. "మంచి జాతి. కాస్త చిరాకెక్కువ. మొండితనం కూడా. కానీ చెవి వెనక గీరితే మెత్తబడిపోతాడు."

"నిజమేనండోయ్!" అంది ఆంటీ.

అప్పుడు అంకుల్ భుజం మీద వేడిగా ఊపిరి తగిలింది. తిరిగి చూశారు. తెల్లగా, గుట్టంత ఎత్తున, మూపురంతో ఒక ఎద్దు! అంకుల్ ఎంత దూరం గెంతారో చెబితే మీరు నమ్మరు. ఆ పోటీ ఏదైనా ఉండుంటే అక్కడికక్కడే బహుమతి వచ్చేది. ఇక్కడివాళ్ళు ఆ మూపురం జాతినే బ్రాహ్మన్ అంటారట.

ఆంటీ మాత్రం ఎద్దు దగ్గరికి నడిచింది. గంగడోలు నిమిరింది. "ఇది మన ఒంగోలు నెత్తురేనయ్యా! ఆ మూపురం చూడండి. మా నాన్న కొట్టంలో ఇట్టాంటివి రెండు జతలుండేవి. దీన్ని బ్రాహ్మన్ అంటాడేంటి ఈ అబ్బాయి?" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఎద్దు ఆమె చీర కొంగు వాసన చూసి, నమలబోయి, ఎందుకో మానేసింది.

రైతుకి ముచ్చటేసింది. "బరువు చెప్పండి చూద్దాం! దగ్గరగా చెప్పినవాళ్ళకి బహుమతి. టికెట్ల మీద వచ్చేదంతా ఊరి బడికి."

"ఏం బహుమతంట?" అని ఆంటీ నన్నడిగింది.

నేను అడిగాను. ఆయన ఆ పల్లెటూరి యాసలో గబగబా అన్నది నా చెవిలో "హాఫ్ ఎ ఫీస్ట్" అని పడింది. చివర్లో ఫ్రీజర్ అని కూడా అన్నాడు. "సగం విందు ఆంటీ. భోజనం పెడతారేమో. ఐస్‌క్రీమ్ కూడా ఉన్నట్టుంది," అని అనువదించాను.

"జూదం!" అన్నారు అంకుల్ దూరం నుంచే.

"బడికి దానం," అంది ఆంటీ. ఎద్దు చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణం చేసింది. "ఎనభై మణుగులకి ఒక వీశె తక్కువ."

ఖాదర్ జేబులోంచి కాలిక్యులేటర్ తీసి, అంకుల్‌ని అడిగి, కిలోల్లోకి మార్చాడు. "తొమ్మిదొందల ఆరు."

ఎద్దుని కాటా ఎక్కించారు. తొమ్మిది వందల ఐదు.

మైకులో ఆంటీ పేరు మోగింది. కామేశ్వరిని వాళ్ళు "క్యామీ" చేశారు. జనం ఈలలు వేశారు. ఆంటీ చీర సర్దుకుని, తలెత్తుకుని వేదికెక్కింది. అనువాదకుణ్ణి కదా, నేనూ వెనకే వెళ్ళాను. ఎర్ర మరకల ఏప్రన్ కట్టుకున్న ఒకాయన ఒక పెద్ద బల్ల మీద తెల్లగుడ్డ లాగాడు.

ఫీస్ట్ కాదండీ. బీస్ట్. సగం బీస్ట్. సగం ఎద్దు! ముక్కలు కొట్టి, పొట్లాలు కట్టి, ఫ్రీజర్‌లో పెట్టుకోవడానికి సిద్ధంగా!

తంతే బూరెల బుట్టలో పడ్డారంటారు. మమ్మల్ని తంతే మేము పడ్డ బుట్టలో బూరెలు లేవు. ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అబ్బాయ్... అడుగు. ఇది... ఆ ఎద్దేనా?"

అడిగాను. ఏప్రన్ ఆయన నవ్వి, చెయ్యి చూపించాడు. తెల్ల ఎద్దు మైదానం అవతల నింపాదిగా గడ్డి మేస్తోంది. ఆంటీ ఊపిరి తీసుకుంది. కింద అంకుల్ తీసుకోలేదు. రెండు చెవులూ మూసుకుని నిలబడ్డారు, చూడకుండా ఉండాలంటే మూసుకోవాల్సింది కళ్ళని గుర్తులేక.

"నాకొద్దు, తినేవాళ్ళెవరికైనా ఇచ్చెయ్యమను," అంది ఆంటీ. జనంలోంచి కెవిన్ దూకినంత పని చేశాడు. ఆ పొట్లాలన్నీ తన వంటింటికి చేర్చుకుని, మా గదులకి అద్దె వద్దన్నాడు. అంతకంటే చవకైన కాసినో వసతి ఈ భూమ్మీద ఎవరైనా కుదిర్చారేమో చెప్పండి!

వ్యానెక్కాక నేను మళ్ళీ నోరు తెరిచాను. "ఆంటీ, గోల్డ్ కోస్ట్ గంటన్నరేనట. అసలు కాసినో చూపిస్తాను, రండి."

ఆంటీ దణ్ణం పెట్టింది. "చాలు నాయనా. పేరుకి కాసినో అయితేనే సగం ఎద్దు గెలిచాను. నిజం కాసినోలో గెలిస్తే ఇంకేం అంటగడతారో!"

అంకుల్ మొదట తుమ్మారనుకున్నాం. నవ్వుతున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వుతున్నారు. సిడ్నీ చేరేదాకా, మధ్యమధ్యలో "చెవి వెనకట!" అనుకుంటూ నవ్వుతూనే ఉన్నారు. మాట నిలబెట్టుకున్నారు, ఉద్యోగం వచ్చింది. కాకపోతే అక్కడివాళ్ళకి ఒక షరతు పెట్టారని తర్వాత తెలిసింది. "కుర్రాడు మంచివాడు. ఏ పనైనా ఇవ్వండి. రోగులకి గదులు కేటాయించే ప్రోగ్రాం జోలికి మాత్రం రానివ్వకండి."

మేము తిరిగొచ్చేలోగా కబురు మాకంటే ముందే టూంగాబీ చేరిపోయింది. ఎవరికో నస్రీన్ ఫోన్‌లో చెప్పిందట, ఆంటీ కాసినోలో గెలిచిందని. గుడి కమిటీ పెద్దమనిషి విరాళం కోసం అంకుల్‌కి ఫోన్ చేశారు. "శుభం శాస్త్రిగారూ! అమ్మగారు భారీగా గెలిచారటగా. ఎంతేంటి?"

అంకుల్ ఒక్క క్షణం నా వైపు చూసి, నిదానంగా చెప్పారు. "రెండు వందల కిలోలండీ."

అందుకని, సిడ్నీ నగరవాసినైన నేను, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట హోటల్ పేరు సాక్షాత్తూ వైకుంఠమైనా సరే, అది ఏ జిల్లాలో ఉంది, కింద ఏమమ్ముతారు, అక్కడ గెలిస్తే ఏమిస్తారు అని మూడుసార్లు, మూడు భాషల్లో అడిగి తెలుసుకోకుండా గది బుక్ చేయను, చేయను, చేయను.