పేర్లు పడక ముందే కూచోవాలి

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలు కానిచ్చి, కిష్టారెడ్డిపేటలో నేనుంటున్న మా అమ్మాయి వాళ్ల ఫ్లాటులో కూచుని ఉండగా, పదహారేళ్ల మా మనవరాలు గోడకున్న పెద్ద టీవీలో ఏదో వెతుకుతూ వెతుకుతూ ఒక పాత ఇంగ్లీషు సినిమా దగ్గర ఆగింది. సముద్రం, తెరచాపల ఓడ, చెవులదిరే బాజాలు. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటూ నేను చేతిలో టీ కప్పు కింద పెట్టేలోపలే అది మీట నొక్కి పేర్లన్నీ దాటించేసింది. వెనక్కి తిప్పమన్నాను. "పేర్లే గద అమ్మమ్మా, ఎవరు చదువుతరు" అంది. తిప్పిందాకా నేను మళ్లీ కూచోలేదు.

అసలు నేను కుదురుగా కూచునే మనిషిని కాను, అది మా ఇంట్లో అందరికీ తెలిసిందే. డెబ్బై దాటినా కాలుగాలిన పిల్లిలా హాలుకీ వంటింటికీ తిరుగుతూనే ఉంటాను. అలాంటిది పేర్లు పడేటప్పుడు మాత్రం రెప్ప వేయకుండా కూచుంటానంటే, అది మా నాయన పెట్టిన అలవాటు. మీలో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సినిమాకు ఆలస్యంగా పరిగెత్తినవాడు గేటు దగ్గర అడిగే మొదటి మాట పేర్లు పడ్డాయా అని. పడుతున్నాయంటే హమ్మయ్య అనుకునేవాడు, కథ ఇంకా పోలేదని. జనానికి పేర్లంటే పల్లీలు కొనుక్కోవడానికీ, పక్కవాణ్ణి జరగమనడానికీ దొరికే సమయం. మా నాయనకు మాత్రం టికెట్టు డబ్బులు ముట్టేది అక్కడే.

మా నాయన సంగారెడ్డిలో మిషన్ బడిలో ఇంగ్లీషు మాస్టారు. జేబులో ఎర్ర సిరా పెన్ను లేకుండా గడప దాటేవాడు కాదు. ఎవరైనా పెండ్లి పత్రిక చేతికిస్తే ముందు తప్పులు దిద్ది, తర్వాత సంతోషం అనేవాడు. బస్టాండు దగ్గర హోటలు బోర్డు మీద భోజనాలన్న ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం తప్పు పోయిందని మూడు రోజులు ఆ యజమానిని వేధించి, పెయింటరు నిచ్చెన వేసిందాకా వదల్లేదు. దిద్దిన ప్రతి తప్పు కింద పొట్టి సంతకం, తేదీ వేయడం ఆయన పద్ధతి. పరలోకం గడప మీద కూడా ఈయన జీవగ్రంథం అడిగి పుచ్చుకుని తప్పులు వెతుకుతాడని మా అమ్మ అంటుండేది. ఆమె పేరును కూడా పెండ్లయిన వారానికే రికార్డులో దిద్దించాడట మరి.

నెలకోసారి శనివారం పొద్దుటి ఆటకు మా ఊరి టాకీసులో ఇంగ్లీషు సినిమా వచ్చేది. పిల్లలకు చదువుకు పనికొస్తుందన్న వంకతో నాయన నన్ను తోలుకుపోయేవాడు. మా పక్కింటి గడియారాల చాచా కూడా వచ్చేవాడు. గడియారాలు బాగుచేసే ఆ మనిషికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా, కత్తి యుద్ధాలకు భాషెందుకని ఆయన వాదన. ఆట మొదలవడానికి అరగంట ముందే ముగ్గురం బెంచీలో ఉండాలి. పేర్లు పడుతుంటే నాయన తెర మీంచి చూపు తిప్పకుండా, ఒళ్లోని నోటుబుక్కులో చీకట్లోనే పెన్సిలుతో గీకేవాడు. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కి అది కోడి గీతలుగా ఉండేది. ఇంటికొచ్చాక ఇంకో పుస్తకంలో దాన్ని శుభ్రంగా ఎత్తిరాసి, ఒక్కో పేరుకు ఒక్కో ఇంగ్లీషు వాక్యం కట్టి మాకు డిక్టేషను చెప్పేవాడు. ఈయన బాజాలు సమకూర్చాడు, ఈయన బట్టలు కుట్టించాడు, ఈయన గాలి చప్పుడు చేశాడు. గాలి చప్పుడు చేయడానికి కూడా ఒక మనిషి జీతానికి ఉంటాడా అని నేను ఆశ్చర్యపోయిన రోజు నాకింకా గుర్తే. హీరో ఒక్కడి వెనక ఇంతమంది పని చేస్తున్నారని తెలిశాక, నిజం చెప్పొద్దూ, నాకు హీరో మీద మోజు తగ్గిపోయింది.

ఆ ఓడ సినిమా వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. పేర్లలో కెమెరా అన్నదాని కింద మేరియన్ అని పడింది. ఇంటిపేరు అప్పుడూ ఇప్పుడూ నాకు నోరు తిరగదు. మిషన్ ఆసుపత్రిలో మా అందరికీ సూదులు వేసే మేట్రనమ్మ పేరు కూడా మేరియనే. నాయన ఎగిరి గంతేసినంత పని చేసి, మా మేట్రనమ్మ పేరే, చూడండి, కెమెరా పట్టింది ఆడమనిషి అని చుట్టూ ఉన్న నాలుగు బెంచీలకు వినబడేట్టు చెప్పాడు. చాచా నోరు తెరిచి, ఓడ మీద ఔరతా మాస్టర్ సాబ్ అని రెండుసార్లు అడిగాడు. తర్వాత తుఫాను వచ్చింది. కెమెరాను ఓడ స్తంభానికి కట్టేసినట్టు తెరంతా ఊగి, కొండంత అల మా మీదికే దూకితే, ముందు వరస వాళ్లు నిజంగానే కాళ్లు పైకి ముడుచుకున్నారు. అల వచ్చినప్పుడల్లా చాచా, పాపం ఆ బీబీ ఎట్ల నిలబడ్డదో అని నిట్టూర్చేవాడు. హీరో గురించి ఆ రోజు మా బెంచీలో ఎవరికీ బెంగ లేదు.

ఆ రాత్రి డిక్టేషనులో, తుఫానులో ఆమె బొమ్మలు తీసింది అన్న వాక్యాన్ని ఎవరూ అడగకుండానే పదిసార్లు రాశాను. తెర మీద ఎక్కడా కనబడని మనిషి ఆమె. అయినా నడుముకు తాడు కట్టుకుని, తడిసిన కొంగు బిగించి నిలబడ్డ ఆమె నా కంటికి కట్టినట్టు కనబడేది. అమెరికావాళ్లకు కొంగుండదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

ఆ తర్వాత ఐదారేళ్లలో పటాన్‌చెరు దారి మారిపోయింది. జొన్న చేలలో రేకుల షెడ్లు లేచాయి, బొంబాయి రోడ్డు మీద లారీలు పెరిగాయి. హైదరాబాదు పోతూ బస్సు కిటికీలోంచి ఆ షెడ్లలో నీలం రంగు మెరుపులు చూస్తే నాకు కాలు నిలిచేది కాదు. అప్పటికి నా పీయూసీ అయిపోయింది. నాయన మెదక్‌లో టీచరు ట్రైనింగుకు ఫారం తెచ్చి పెట్టాడు. ట్రైనింగయితే మళ్లీ అదే బడి, అదే గంట, అదే వరండా, నాయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ. అంతలో ఒక ఫ్యాక్టరీ వాళ్లు ఇనుమును గిరగిరా తిప్పి చెక్కే లేత్ మిషను మీద పని నేర్చుకునేవాళ్లు కావాలని ఇంగ్లీషు పేపరులో ప్రకటన వేశారు. ఆ పేపరు చాచా దుకాణంలో దొరికింది. అక్కడే కూచుని దరఖాస్తు రాసేశాను.

అది, ప్రకటనతో సహా, నాయన చేతిలో పడింది. ఆయన కేకలేసే మనిషి కాదు. ప్రకటన చదివి, వేలు పెట్టి చూపించాడు.

"ఇందుల 'హీ' అని ఉన్నది బిడ్డా. 'షీ' అని లేదు. సూసుకున్నవా?"

నాకెక్కడిదో అంత నోరు.

"ఓడ మీద కెమెరా పట్టినామెను ఎవరన్న 'షీ' అని రాసి పిలిచిండ్రా నాయనా? ఆమె పోలేదా? నువ్వే గద చెప్పింది."

నాయన ఏదో అనబోయి ఆగాడు. నా ముఖం చూశాడు, గోడ చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఆయన లేచి పెరట్లోకి పోయి, ముఖం కడుక్కుని, చాలాసేపటికి వచ్చాడు. తన మాట తనకే తగిలింది, గెలిచానని నేను లోపల పొంగిపోయాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి దరఖాస్తు మీద వంగాడు.

"దరఖాస్తుల రెండు తప్పులున్నయి. దిద్దుకొని మంచిగ రాయి. సోమవారం నేనే తోల్కపోత."

ఆ సోమవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర జరిగింది చెబితే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆడపిల్లలను తీసుకునేది లేదని అక్కడి పెద్ద ఫోర్‌మన్ అంటే, ఇంగ్లీషు వ్యాకరణంలో 'హీ' అంటే మనిషన్న ప్రతి ఒక్కరూ వస్తారని, కావాలంటే ఏ చట్టం పుస్తకమైనా తీసి చూడమని నాయన ఎర్రటి ఎండలో అతనికి పాఠం మొదలుపెట్టాడు. అరగంట విని, తల నొప్పి పుట్టి, పిల్లను పరీక్షకు కూచోనివ్వండి, ముందు ఈయన్ను ఇక్కణ్ణుంచి పంపండి అన్నాడు ఆ ఫోర్‌మన్. ఇనుప ముక్కను కొలత ప్రకారం అరగదీయడం ఆ పరీక్ష. నేను నెగ్గాను. ఇంటి దగ్గర 'హీ' వేరు, గేటు దగ్గర 'హీ' వేరు ఎట్లయిందని నేను అప్పుడు అడగలేదు.

ముప్పై ఏళ్లు చేశాను. మొదటి ఏడాది షెడ్డులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కూడా లేదు. మగపిల్లల వెటకారాలు సరేసరి. మిషను చెక్కిన వేడి ఇనుప చుట్ట ఎగిరిపడి మణికట్టు కాలిన రోజు, ఇక చాలు మెదక్ పోతానని సైకిళ్ల షెడ్డు వెనక కూచుని ఏడ్చాను. అంత అల మీద పడ్డా ఆమె కెమెరా వదిలిందా అనుకుని, కట్టు కట్టించుకుని మళ్లీ మిషను దగ్గరికి పోయాను. అలాంటి రోజులు చాలానే వచ్చాయి, ప్రతిసారీ ఆమే వచ్చేది. నాయన పోయాక ఆయన పేర్ల పుస్తకం నా బీరువాలోకి చేరింది. తీరిగ్గా కూచుని తిరగేసే ఓపిక నాకెప్పుడుంది గనక.

ఇదంతా చెబితే మనవరాలికి ముచ్చటేసింది. ఆ అమ్మ ఫోటో చూద్దామని ఫోనులో ఆ సినిమాకు పని చేసినవాళ్ల జాబితా తీసింది. పాటల వాడి నుంచి టీ అందించినవాడి దాకా అందులో ఉన్నట్టున్నారు. చూస్తూ చూస్తూ మాట ఆపేసి, ఫోను నా ముందు పెట్టింది. బట్టతల, పొద మీసాలు, నోట్లో పైపు. "అమ్మమ్మా, ఈయన మగాయన" అంది మెల్లగా.

అక్షరాలు తప్పు కొట్టి ఉంటావన్నాను. మా మేట్రనమ్మ స్పెల్లింగు వేరని, ఈ మనిషెవరో వేరని, నాయన తప్పు రాయడని గదమాయిస్తూనే బీరువా తెరిచి ఆ పుస్తకం తీశాను. పేజీ దొరికింది. స్పెల్లింగు ఫోనులో ఉన్నదే. కింద ఆ డిక్టేషను వాక్యం, నాయన గుండ్రటి చేతిరాతలో. ఇంగ్లీషులో 'షీ' అన్న మాటలోంచి మొదటి ఎస్ తీసేస్తే 'హీ' మిగులుతుంది, ఆమె కాస్తా అతడవుతుంది. ఆ ఎస్ మీద సన్నగా ఎర్ర సిరా గీత. కింద పొట్టి సంతకం, తేదీ.

ఆ తేదీ నేను దరఖాస్తు రాయడానికి ఏడాది ముందటిది. నాయన పాదిరిగారి బంగళా నుంచి పాత అమెరికా పత్రికలు కట్టలు కట్టలుగా తెచ్చుకుని చదివేవాడు, వాటిలో ఎక్కడో ఈ మీసాలాయన బొమ్మ చూసి ఉంటాడు. అంటే ఆ రోజు ఇంట్లో నేను అంత గట్టిగా ఆమె పేరెత్తినప్పుడు ఆయనకు తెలుసు. ఒక్క మాట అంటే నేను కిమ్మనకుండా మెదక్ పోయేదాన్ని, ఆయన కోరుకున్నదీ అదే.

అప్పటి నుంచీ నాకు స్థిమితం లేదు. అడుగుదామంటే నాయన లేడు, చాచా లేడు, ఆ టాకీసు కూడా లేదు. ఇప్పటి పిల్లల దగ్గర ఏ తప్పూ ఒక నిమిషం నిలవదు, అరచేతిలోనే దిద్దుబాటవుతుంది. మంచిదే, మా మనవరాలు నాలా మీసాలాయనకు చీర కట్టి జీవితమంతా వెంట తిప్పుకోదు. అయినా ఆ పుస్తకం మూయబుద్ధి కాక ఇంకా బల్ల మీదే ఉంచాను. హోటలు బోర్డు మీద అక్షరం తప్పితే నిద్రపోని మనిషి ఆ రోజు నా దరఖాస్తులో రెండు తప్పులున్నాయన్నాడు. మూడోది కూడా ఆయనకు తెలుసు.