చుక్క లేని టాంకు

1938. తిరుత్తణి బస్సు షెడ్డులో మెకానిక్‌గా నాకది ఎనిమిదో ఏడు. ఆయుధపూజనాడు పొద్దున్నే, తిరువళ్ళూరు దారిలోని ఒక పల్లె నుంచి గోపాల్ నాయుడు కబురు పంపాడు. ఆయన కారు పెట్రోలు టాంకు అతుకు దగ్గర కారుతోందట. ఆ కారును షెడ్డుదాకా నడిపితే దారిలోనే తగలబడుతుంది. చుట్టరికం లేకపోయినా ఆయన్ని మామా అనేవాణ్ణి, వెంటనే బయలుదేరాను.

వెళ్తూనే ఇంటిల్లిపాది మీదా కేకలేశాను. పొయ్యి ఆర్పించాను, చుట్టలు పారేయించాను, కారును బయలులోకి తోయించాను. నిప్పురవ్వ పుట్టకుండా ముందు బ్యాటరీ తీగ విప్పాను. టాంకు అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్, అంటే బిరడా మర, తీసి పెట్రోలంతా డబ్బాల్లోకి దించి దూరంగా పెట్టించాను. పైపు ఊడదీసి, పట్టీలు వదులు చేసి, మామా నేనూ కలిసి టాంకు దించాం. అంతవరకూ ఒక్క పొరపాటు లేదు.

"సీక్రం కానీరా, పూజకు పొద్దు పోతాంది. నీ స్పానర్లు గూడా ఈడనే పెట్టు" అన్నాడు మామ. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టకూడదు. అతుకుకు మాటు వేసే పని రేపటికి వాయిదా వేశాం.

"దీంట్లో ఏమన్నా మిగిలిందా? ఇంక బయం లేదు గదా?"

"చుక్క లేదు మామా" అన్నాను. నా నోరు పడిపోను! చేతుల జిడ్డు కడుక్కోవడానికి పెరట్లో బావి దగ్గరికి వెళ్లాను.

పెట్రోలు దించేసిన టాంకులో ఆవిరి ఉంటుంది. నిండు టాంకు కన్నా అదే ప్రమాదం. నీళ్లు నింపి ఆ ఆవిరిని వెళ్లగొట్టాలి. ఇది నాకు తెలుసు, మామకు తెలియదు. ఆయన టాంకును వసారాలో నాగలి పక్కన, నా స్పానర్ల పక్కన పెట్టి, పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, మూత లేని దాని మూతి ముందే కర్పూరం వెలిగించాడు.

చప్పుడుకు చేద వదిలేసి పరుగెత్తాను. వసారా పెంకులు ఎగిరిపోయి ఉన్నాయి. మామ మొహం రెండు చేతులతో కప్పుకుని నేలమీద దొర్లుతున్నాడు.

తిరువళ్ళూరు ఆసుపత్రిలో ప్రాణం దక్కింది, రెండు కళ్లూ పోయాయి. ఆరోనాడు చూడబోతే నా గొంతు గుర్తుపట్టాడు.

"చుక్క లేదంటివే అబ్బయా? నిన్ను నమ్మినాను గదరా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చాను.

అప్పటినుంచీ టాంకు దించితే, పూజైనా పెళ్లయినా సరే, అక్కడికక్కడే మూతిదాకా నీళ్లు నింపుతాను. ఆ తర్వాతే చేతులు కడుక్కుంటాను.