నీలమ్మత్త పట్టిన జ్ఞానముద్ర

ఈ రోజు మధ్యాహ్నం పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీ ఆడవాళ్లకు యోగా ముద్రలు నేర్పించారు. నేనక్కడ గుమస్తాను. పని ఆపించి అందర్నీ చాపల మీద కూర్చోబెట్టింది నేనే.

విశాఖ నుంచి వచ్చిన గురువుగారు జ్ఞానముద్ర చూపించారు. బొటనవేలి కొసను చూపుడువేలి కొసకు ఆనించి, కళ్లు మూసుకుని, మనసంతా ఆ స్పర్శ మీదే ఉంచాలట. ముందు వరసలో కూర్చున్న నీలమ్మత్త మాటిమాటికీ కళ్లు తెరిచి చేతులు చూసుకుంటోంది. ఆయన విసుక్కున్నారు.

"కళ్లు మూసుకోమన్నాను కదమ్మా?"

"మూసుకుంటే ఏలు తగిలిందో లేదో నాకెలా తెలుస్తాది బాబూ? ఇరవయ్యేళ్ల నుండి జీడిపిక్కలు కొడతన్నాను. ఆ పిక్కల రసం సేతుల్ని కాల్సీసినాది. ఏలికొసకి ఏటీ తెలీదు."

ఆయన తర్వాతి ముద్రకు వెళ్లిపోయారు. ఫొటో తీసేటప్పుడు మాత్రం, ఆ నల్లటి చేతులు పడతాయని, ఆవిణ్ణి వెనక వరసకు పంపమని నా చెవిలో చెప్పారు. నేనే వెళ్లి పంపాను.

చేతి తొడుగులు ఇప్పించమని ఈ ఆడవాళ్లంతా వేలిముద్రలు వేసి ఇచ్చిన అర్జీ ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. ఆ సొరుగు తెరవకుండానే మనసు ప్రశాంతంగా ఉండాలంటే ఏ ముద్ర పట్టాలో, తెలిసినవాళ్లు కింద రాయండి.