తెలుగులో అడిగితే

తమిళనాడులోని పూండి దగ్గరి ఇటుకల బట్టీలో చంద్రావతి పద్దెనిమిదేళ్లుగా ఇటుకలు కోస్తోంది. ఒడిశా నుంచి వచ్చిన ఝరణ అక్కడ చేరి ఏడు నెలలే అయింది. ఆ రోజు తనిఖీకి వచ్చిన లేబర్ ఆఫీసరమ్మ, ఝరణ కోసం ఒడియా తెలిసిన మనిషిని వెంటబెట్టుకొచ్చింది. అతను ఝరణ ఎదుట గొంతుక్కూర్చుని ఆమె భాషలోనే మెల్లగా మాట్లాడుతున్నాడు.

చంద్రావతికి కడుపు మండింది. ఇన్నేళ్లలో తనను ఎవరైనా తన భాషలో ఒక్క మాట అడిగారా?

ఆధార్ అన్న మాట ఆమెకూ అర్థమైంది. ఝరణ పక్కనే నిలబడ్డ బట్టీ ఓనరు వైపు చూసి తల దించుకుంది. పనివాళ్లు ఊరికి వెళ్లిపోకుండా కార్డులన్నీ ఎక్కడ దాచారో చంద్రావతికి తెలుసు. చెప్పకూడదనుకుంది. అంత ముద్దుగా అడిగించుకుంటోంది కదా, ఆమే చెప్పుకోనీ.

ఆఫీసరమ్మ ఇటు తిరిగి తమిళంలో అడిగింది. తమిళం నీళ్లలా మాట్లాడే చంద్రావతి, "తెలుగులో అడిగితే చెప్తా" అంది.

ఆఫీసరమ్మ జీపు డ్రైవరు మురళి తిరుత్తణివాడు, తెలుగు వచ్చు. "మహారాణి మాదిరి అడిగించుకుంటా ఉండావే అక్కా" అని నవ్వాడు. "సరే, కార్డులు యాడుండాయి?"

"మేస్త్రీ ఇనప పెట్టెలో. ఆయమ్మదొక్కటే అనుకుంటివా? నాదీ ఆడనే ఉండాది."

ఓనరు గట్టిగా దగ్గాడు. ఆఫీసరమ్మ పెట్టె తెరిపించి, కార్డులు చేతికి తీసుకుని, ఫిర్యాదు కాగితం మీద ఝరణ పేరు రాయబోయింది.

"మురళీ, నా పేరు ముందు రాయమని చెప్పు నాయనా" అంది చంద్రావతి. "ఆయమ్మది దాని కింద రాసుకోనీ."