చప్పుడు బాగానే ఉంది

ఆ మధ్యాహ్నం నాకు అన్నం మింగుడు పడలేదు. పద్మ, నా భార్య, పచ్చిపులుసు పోసింది. గొంతు భగ్గున మండింది. సూరత్ అమ్రోలిలోని మా గదిలో అద్దం తీసి నాలుక చూసుకుంటే, దాని మీద తెల్లగా మీగడ కట్టినట్టుంది.

"గిదేందయ్యా, నోట్ల సున్నం పూసుకున్నవా?" అని పద్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రెండు నెలలుగా జ్వరం వచ్చి పోతోంది. బెల్టుకు కొత్త బొక్కలు పొడుచుకుంటూ మరమగ్గాల డ్యూటీకి పోయేవాణ్ణి. ఆస్పత్రిలో రక్తం తీశారు. హెచ్ఐవీ పాజిటివ్, రోగాలతో పోరాడే సీడీ4 కణాల కౌంట్ ఐదు వందలకు పైన ఉండాల్సింది, నూట పన్నెండే. పెళ్లికి ముందు చేసిన తప్పు పద్మకు చెప్పేశాను. ఆమెకు నెగెటివ్ వచ్చింది. ఆ కాగితం పట్టుకుని వరండాలోనే ఏడ్చాను.

హెచ్ఐవీని అణచే ఏఆర్‌టీ మాత్రలతో నాలుగు నెలల్లో జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. అప్పుడు చేశాను వెధవ పని.

మా పనిలో ఒక్కడే ఎనిమిది మగ్గాలు చూడాలి. కళ్లు చాలవు కాబట్టి చెవితో కాపలా కాస్తాం. చప్పుడు బాగుంటే గుడ్డ బాగున్నట్టే. నా ఒంటినీ అలాగే విన్నాను. దగ్గు లేదు, జ్వరం లేదు. చప్పుడు బాగానే ఉందనుకుని మాత్రలు మానేశాను. పద్మ లెక్క చూస్తుందని రోజూ ఒకటి మోరీ కాలువలో వేసేవాణ్ణి.

ఐదు నెలలు ఎంత హాయిగా ఉన్నానో! ఇప్పుడు నాకు భయమేసేది ఆ హాయిని తలచుకుంటేనే. తర్వాత మెట్లెక్కితే ఊపిరి ఆడలేదు. కౌంట్ అరవై ఎనిమిది.

"మాత్రలు మోరీల ఏసిన. ఒంట్ల మంచిగుండె, నాకేం తెల్వలేదు మేడమ్," అన్నాను మా తెలుగు డాక్టరమ్మతో, పద్మ పక్కనుండగానే.

"తెలియదు మల్లేశం గారూ. వైరస్ నేరుగా చంపే కణాలు కొన్నే. చాలా సీడీ4 కణాల్లో అది తన నకళ్లు తీసుకునే పని సగంలోనే ఆగిపోతుంది. ఆ సగం పనిని పసిగట్టి కణమే తనను తాను పేల్చుకుని చస్తుంది. అక్కడ వాపు పుడుతుంది. ఆ వాపు పిలుపుకు ఇంకొన్ని సీడీ4 కణాలు సాయానికి వస్తాయి. వచ్చినవీ చస్తాయి."

పాత మగ్గం మీద ఒక పోగు తెగి పక్క పోగులకు చిక్కుకుంటే అవీ తెగుతాయి. చప్పుడు మాత్రం మారదు. ఇరవై ఏళ్లుగా మగ్గాల మధ్య ఉన్నవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదా? ఐదు నెలలు నా లోపల అదే జరుగుతుంటే నేను ఈల వేసుకుంటూ తిరిగాను.

డాక్టరమ్మ పద్మ వైపు తిరిగింది. "మీకూ మళ్లీ టెస్ట్ చేయాలమ్మా."

ఆ ముప్పు తనకూ ఉందని పద్మకు అప్పుడు అర్థమైంది. "నువ్వు మింగుతున్నవనుకొని నేను ధైర్యంగ ఉంటి. మోరీకి మింగవెట్టినవా?" అంది. రిపోర్ట్ వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. నెగెటివ్. మూడు నెలల తర్వాత కూడా నెగెటివే. నా అదృష్టం కాదు, ఆమెది.

మళ్లీ మొదలుపెట్టిన మాత్రలు ఒక్కరోజూ మానలేదు; ఇప్పుడు నా కౌంట్ నాలుగు వందలు దాటింది, వైరస్ టెస్టులో కనబడటం లేదు. రోజూ పొద్దున మాత్ర వేసుకున్నాక పద్మ "నోరు తెరువు" అంటుంది. తెరుస్తాను.

మీకు చెప్పేది ఒక్కటే. మాత్రలు మానాలనిపిస్తే మీ ఒంటిని అడగకండి, డాక్టర్‌ను అడగండి. నేనిప్పుడు మిల్లులో చప్పుడు బాగున్న మగ్గం దగ్గరే ఎక్కువసేపు నిలబడి, గుడ్డ మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను.